మన పెద్దల పొద్దు ఎవరి చేతిలో ఉంది?

(మాదిగగూడెంలో అంబేద్కర్ విగ్రహం దగ్గర జరిగిన సభలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చెడకుండా, చదువుకోడానికి వీలుగా కొద్దిగా సర్ది ఇస్తున్నాం. - సం.)



నిద్ర గురించి మాట్లాడతానంటే మన కుర్రాళ్ళు నవ్వారు. "భూమి గురించి మాట్లాడాలి, శ్మశానం దారి గురించి మాట్లాడాలి. నిద్ర గురించి ఏముంది టీచరమ్మా? మనోళ్ళు ఎటూ నిద్రలోనే ఉన్నారు, లేపాలి గదా" అన్నారు. నేనూ నవ్వాను. కానీ నేను చెప్పేది వేరే నిద్ర. వృద్ధాశ్రమాల్లో మన ముసలోళ్ళని సాయంత్రం పొద్దుండగానే పడుకోబెట్టి, తెల్లారకముందే మెలకువ వస్తే "జబ్బు" అని పేరు పెట్టి, బిళ్ళ మింగించే నిద్ర. పగలంతా గదిలో కూచోబెట్టే విశ్రాంతి. భూమి ఎవరిదని అడగడం మనం నేర్చుకున్నాం. పొద్దు ఎవరిదని అడగడం ఇంకా నేర్చుకోలేదు. అది అడగడానికే ఇవాళ నిలబడ్డాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. తర్వాతే ఇంకొకళ్ళ తప్పు.

నన్ను పెంచింది మా పెద్దమ్మ. మా అమ్మ కూలికి పోతే నన్ను చంకనేసుకుని తనూ కూలికి పోయేది. నాట్లు, కలుపు, కోతలు, మిరపకాయల ఏరివేత. యాభై ఏళ్ళు తొలికోడి కూతకి లేచింది. లేచి, నీళ్ళు తెచ్చి, గంజి కాచి, చీకట్లోనే మడికట్టు మీదికి నడిచింది. నేను డిగ్రీ చదివానంటే మా అమ్మ కూలి సగం, ఆమె కూలి సగం. మా వంశంలో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. మెట్లు కట్టింది ఆళ్ళు.

ఆమె కొడుకు బెంగుళూరులో కట్టడాల పనిలో ఉన్నాడు. రేకుల షెడ్డులో నలుగురు. అక్కడ తల్లిని ఎక్కడ పెట్టుకుంటాడు? నేనేమో పొద్దున ఏడున్నరకి బస్సెక్కితే సాయంత్రం ఆరుకి దిగుతాను. అందుకని పట్నం శివార్లో ఒక ఆశ్రమంలో చేర్పించాం. దాని పేరు చెప్పను, పేరుతో పని లేదు. బిల్డింగ్ బాగానే ఉంది. గోడలకి మంచి మంచి మాటలు రాసి ఉన్నాయి.

ఇక్కడొక మాట. ఇట్టాంటి చోట కొంతమంది పెద్దమనుషులు లేచి "వృద్ధాశ్రమాలు మన సంస్కృతి కాదు, ఉమ్మడి కుటుంబం మన సంస్కృతి" అంటారు. ఎవరి సంస్కృతి బాబూ? మన ఇళ్ళల్లో ముసలోళ్ళని చూసుకోడానికి ఇంట్లో మనిషి ఉన్నదెప్పుడు? అందరూ మీ చేలల్లోనే ఉంటిమి. కొడుకుల్ని తిట్టడానికి నేను ఇక్కడికి రాలేదు. మన పిల్లలు వలసపోయింది సరదాకి కాదు.

చేర్పించిన మూడో నెలలో ఆశ్రమం నుంచి ఫోను. "మీ పెద్దమ్మ రాత్రి మూడింటికే లేచి తిరుగుతున్నారు, మిగతావాళ్ళకి ఇబ్బందిగా ఉంది, నిద్రకి ఏదన్నా ఇవ్వమంటారా?" నేను అప్పుడు బడిలో ఉన్నాను. పదో తరగతి పిల్లల హాల్ టికెట్ల పని. "ఏదో ఒకటి ఇవ్వండి సార్" అన్నాను. అంతే. నిమిషం కూడా పట్టలేదు. నెలన్నర తర్వాత ఇంకో ఫోను. రాత్రి పాయఖానాకి పోతూ బిళ్ళ మత్తులో కాళ్ళు తడబడి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది.

ఆ తర్వాత ఆదివారాలు పోయి ఆశ్రమంలో కూచున్నాను. పొద్దున్నుంచి రాత్రిదాకా చూశాను. పుస్తకాలు తిరగేశాను, తెలిసిన డాక్టర్లని అడిగాను. ఆ లెక్క ఇప్పుడు మీ ముందు పెడతాను.

ఆశ్రమం టైంటేబుల్ ఇది. పొద్దున ఐదున్నరకి గంట. ఆరింటికి టీ. ఎనిమిదింటికి టిఫిను. పన్నెండింటికి అన్నం. నాలుగింటికి టీ. సాయంత్రం ఐదున్నరకి రాత్రి అన్నం. ఏడున్నరకి లైట్లు బంద్. ఐదున్నరకే రాత్రి అన్నం ఎందుకు? వంటమనిషి ఆరున్నర బస్సుకి పోవాలి. ఏడున్నరకే లైట్లు ఎందుకు బంద్? రాత్రికి ముప్ఫైయిద్దరికి ఒక్కతే ఆయా. అందరూ పడుకుంటే ఆమెకి కుదురుతుంది. అంటే టైంటేబుల్ ముసలోళ్ళ ఒళ్ళు చూసి రాసింది కాదు. బస్సు చూసి రాసింది.

నేను లెక్కల టీచర్ని. మూడో తరగతి పిల్లలు చేసే కూడిక ఒకటి చేద్దాం. 65 ఏళ్ళు దాటిన మనిషికి రాత్రి 7 నుంచి 8 గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెబుతున్నారు. రాత్రి 7:30కి కళ్ళు మూసుకున్న మనిషికి 7 గంటలు ఎప్పుడు పూర్తవుతాయి? 2:30కి. మూడింటికి లేచిన మా పెద్దమ్మకి జబ్బేముంది? ఆమె లెక్క సరిగ్గానే ఉంది. లెక్క తప్పింది ఆశ్రమానిది. ఆశ్రమం తప్పిన లెక్కకి బిళ్ళ మింగింది మా పెద్దమ్మ. ఫోనులో ఆ కూడిక నేను చెయ్యలేదు, లెక్కల టీచర్ని అయ్యుండి.

ఇక ఒంటి సంగతి చూద్దాం. మన బడి ఆవరణలో నిద్రగన్నేరు చెట్టుంది. పొద్దుగూకితే ఆకులు ముడుచుకుంటాయి, తెల్లారితే విచ్చుకుంటాయి. చింతాకూ అంతే. ఎండ పోయింది గనక ముడుచుకుందని మనం అనుకుంటాం. 1729లో ఫ్రాన్స్‌లో డిమెరాన్ అనే ఆయన అత్తిపత్తి జాతి మొక్కని చీకట్లో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా పగటి వేళకి ఆకులు విచ్చుకుంటూనే ఉన్నాయి. అంటే గడియారం మొక్క లోపలే ఉంది. మనిషిలోనూ ఉంది. మెదడు అడుగుభాగంలో, కళ్ళ నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన, బియ్యపుగింజ కన్నా పెద్దది కాని చోట ఉంది. ఒంట్లో కణకణానికీ చిన్న గడియారం ఉంటే, వాటన్నిటికీ టైము చెప్పే పెద్ద గడియారం అది. ఈ గడియారం లోపల ఎట్టా నడుస్తుందో పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో కనిపెట్టినందుకు 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు హాల్, రాస్‌బాష్, యంగ్‌లకి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ గడియారానికి ఒక గుణం ఉంది. దాన్ని దాని మానాన వదిలేస్తే రోజుకి 24 గంటల కన్నా కొద్దిగా ఎక్కువ తీసుకుంటుంది. కాబట్టి రోజూ సరిచెయ్యాలి. సరిచేసేది ముఖ్యంగా పొద్దు. పొద్దుటి వెలుగు కంట్లో పడాలి. దాని తర్వాత అన్నం వేళ, పని, నలుగురితో మాట. చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే పదార్థం ఊరుతుంది, అది ఒంటికి రాత్రయిందని చెబుతుంది. కంట్లో లైటు కొడితే అది ఊరడం తగ్గుతుంది.

ఇంకొకటి. నిద్ర ఆకలి లాంటిది. పగలంతా చిరుతిళ్ళు తింటే రాత్రి అన్నం ఎక్కదు. పగలంతా కునికిపాట్లు పడితే రాత్రి నిద్ర ఎక్కదు.

వయసు మీద పడ్డాక ఏమవుతుంది? గాఢనిద్ర తగ్గుతుంది. చిన్న చప్పుడికి మెలకువ వస్తుంది. గడియారం ముందుకి జరుగుతుంది, తొందరగా నిద్రొస్తుంది, తొందరగా మెలకువొస్తుంది. రాత్రి రెండు మూడుసార్లు ఒంటేలుకి లేవాలి. మోకాళ్ళు లాగుతాయి. దగ్గు, ఆయాసం. కంట్లో కటకం పసుపెక్కి వెలుగు లోపలికి తక్కువ పోతుంది. శుక్లం ముదిరితే ఇంకా తక్కువ. కాబట్టి ముసలోళ్ళకి వయసులో ఉన్నవాళ్ళ కన్నా ఎక్కువ ఎండ కావాలి. మరి మనం ఏం చేస్తున్నాం? తక్కువ ఇస్తున్నాం. ఆ ఆశ్రమంలో మంచానపడ్డవాళ్ళు నెలల తరబడి ఆకాశం చూడలేదు. కిటికీలకి దోమతెరలు, వాటికి బయట చెట్ల గుబురు. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా లోపల ట్యూబులైటే.

వెలుతురుని కొలవడానికి లక్స్ అనే కొలత ఉంది. మన మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా పోతుంది. చెట్టు నీడన కూడా వేలల్లో ఉంటుంది. గదిలో ట్యూబులైటు కింద వందల్లోనే. నెదర్లాండ్స్ దేశంలో 12 సంరక్షణ గృహాల్లో 189 మంది ముసలివాళ్ళ మీద పరీక్ష చేసి 2008లో ఫలితం ప్రకటించారు. వాళ్ళలో ఎక్కువమంది మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళు. కొన్ని ఇళ్ళల్లో పగలంతా 1,000 లక్స్ వెలుతురు పెట్టారు, కొన్నిట్లో మామూలుగా 300. ఎక్కువ వెలుతురు ఉన్నవాళ్ళలో దిగులు లక్షణాలు 19 శాతం తగ్గాయి, మతి తగ్గిపోవడం కూడా కొంచెం నెమ్మదించింది. మెలటోనిన్ బిళ్ళ ఒక్కటే ఇచ్చినవాళ్ళకి నిద్ర కొంత కుదిరినా మనసు బాగుండలేదు, ముడుచుకుపోయారు. వాళ్ళది చలిదేశం. ఎండ దొరక్క కరెంటు ఖర్చుపెట్టి వెలుతురు కొనుక్కున్నారు. మన దగ్గర ఎండకి బిల్లు లేదు. తలుపు తియ్యడమే ఖర్చు.

అమెరికాలో శాండియాగోలో సోనియా ఆంకోలి ఇజ్రాయెల్ అనే శాస్త్రవేత్త నర్సింగ్ హోముల్లో ముసలోళ్ళ నిద్రని ఏళ్ళ తరబడి కొలిచారు. వాళ్ళలో చాలామంది పగలు గానీ రాత్రి గానీ ఒక గంట పూర్తిగా నిద్రపోయిందీ లేదు, ఒక గంట పూర్తిగా మెలకువగా ఉన్నదీ లేదు. కునుకు, మెలకువ, కునుకు, మెలకువ. డబ్బున్న దేశంలోనే అట్టా ఉంది. అక్కడా కారణాలు ఇవే. పగలు ఎండ లేదు, పని లేదు, మంచం దిగేది లేదు. రాత్రి లైట్లు, చప్పుళ్ళు, గుడ్డలు మార్చడానికి లేపడం.

ఇప్పుడు బిళ్ళ సంగతి. 1991లో బీర్స్ అనే అమెరికా డాక్టరు నర్సింగ్ హోముల్లో ఉండే ముసలోళ్ళకి ఇవ్వకూడని మందుల జాబితా ఒకటి తయారుచేశాడు. దాన్ని ఇప్పటికీ కొత్త సంగతులు చేర్చి వాడుతున్నారు. డైజిపామ్, అల్ప్రాజోలామ్ లాంటి నిద్రమాత్రలు ముసలితనంలో వీలైనంతవరకు వద్దని అందులో ఉంది. ఎందుకంటే పడిపోవడం, ఎముకలు విరగడం, మతి చెదరడం. మా పెద్దమ్మకి జరిగింది ఆ జాబితాలో రాసి ఉన్నదే. అంతకుముందే, 1987లో, అమెరికా చట్టం ఇంకో మాట చెప్పింది. సిబ్బంది సౌకర్యం కోసం మనిషిని తాడుతో కట్టకూడదు, మందుతోనూ కట్టకూడదు అని. మందుతో కట్టడం! ఆ మాట చదివినప్పుడు నేను ఫోనులో అన్న మాట గుర్తొచ్చింది.

ఒక జాగ్రత్త చెబుతాను, ఇది మర్చిపోవద్దు. ఏళ్ళ తరబడి నిద్రమాత్ర వాడుతున్నవాళ్ళు ఈ టీచరు చెప్పిందని రేపటినుంచి మానెయ్యకండి. ఒక్కసారిగా మానితే ప్రమాదం. డాక్టర్ని అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.

ఆ ఆశ్రమంలో మగవాళ్ళ గదిలో ఒక తాత ఉన్నాడు. నలభై ఏళ్ళు ఒకే కమతంలో పాలేరు. మతి తప్పింది. రోజూ రాత్రి ఒంటిగంటకో రెండింటికో లేస్తాడు. దిండు కింద చెయ్యిపెట్టి టార్చిలైటు కోసం వెతుకుతాడు. "కరెంటొచ్చింది, మోటారెయ్యాల, నీళ్ళు కట్టాల" అంటూ తలుపు తోస్తాడు. మన పల్లెల్లో మోటార్లకి రాత్రి కరెంటు ఇచ్చిన రోజులు మీ అందరికీ తెలుసు. ఆసామి నిద్రపోయేవాడు, పాలేరు పాములున్న గట్ల మీద టార్చి పట్టుకుని తిరిగేవాడు. తన పేరు మర్చిపోయిన తాత ఆ వేళ మర్చిపోలేదు. ఆసామి చచ్చిపోయి ఎన్నో ఏళ్ళయింది, ఇంకా రాత్రి లేపుతూనే ఉన్నాడు. ఆశ్రమంవాళ్ళు ఏం చేశారు? పాత చీరె చింపి, చెయ్యిని మంచం కోడుకి కట్టారు.

ఆలోచించండి. మనవాళ్ళ నిద్ర ఎప్పుడు మనవాళ్ళ చేతిలో ఉంది? వయసులో ఉన్నప్పుడు ఆసామి లేపాడు. ముసలితనంలో గంట పడుకోబెడుతుంది. అప్పుడు ఎక్కువ మేలుకున్నందుకు ఎవరూ బిళ్ళ ఇవ్వలేదు, ఎందుకంటే ఆ మెలకువ వాళ్ళకి లాభం. ఇప్పుడు అదే మెలకువ ఖర్చు గనక జబ్బయింది.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటలున్న పనిని 48 గంటలకి తగ్గించే బిల్లు సభ ముందు పెట్టింది ఆయనే. 1946లో అది చట్టమైంది. పనికి గంటలు కట్టడమంటే ఏమిటి? మిగతా గంటలు మనిషివని చెప్పడం. ఆ లెక్క ఫ్యాక్టరీ గేటు దాటి మన పొలాల్లోకి రాలేదు. పాలేరుకి గంటల్లేవు. ఆ బాకీ ముసలితనం దాకా వచ్చింది.

ఇక పగటి పని సంగతి. కదలిక ఉండాలి, పని ఉంటే రాత్రి నిద్ర పడుతుంది అన్నాను గదా. ఈ మాటని పట్టుకుని ఆశ్రమంలో ఏం చేశారో చూడండి. నలుగురు ఆడవాళ్ళకి పొద్దున్నే చీపుర్లు ఇచ్చారు. "వ్యాయామం" అన్నారు. ఆ నలుగురూ మన గూడేలవాళ్ళే. వరండా చివర, పాయఖానాల పక్కన ఉన్న మంచాలూ ఆళ్ళవే. మిగతావాళ్ళకి వ్యాయామం అక్కర్లేదా? వాళ్ళు కుర్చీల్లో కూచుని భజన చేస్తున్నారు. మేం అడిగితే, "వాళ్ళకి అలవాటేనండీ, కూచోలేరు" అన్నాడు మేనేజరు.

అలవాటట! అంటరానితనం పేరుతో ఎవరిచేతైనా బలవంతంగా ఊడ్పించడం, పాకీపని చేయించడం నేరమని 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టంలో ఉంది. అది 7ఏ సెక్షను, 1976లో చేర్చారు. 3 నెలలకి తగ్గకుండా 6 నెలల దాకా జైలు. ఈ సెక్షను నెంబరు పిల్లల చేత పలకల మీద రాయించండి. పని వేరు, వెట్టి వేరు. ముసలమ్మ తనకి తానుగా బచ్చలి పాదు పెట్టుకుంటే, చిక్కుళ్ళు ఒలిస్తే, మనవడికి కత చెబితే అది పని. ఆ పనిలో ఆమెకి పొద్దు తెలుస్తుంది, ఒళ్ళు అలుస్తుంది, మనసు నిండుతుంది. కులం చూసి చేతికి చీపురిస్తే అది వెట్టి. రెండిటికీ చెమట పడుతుంది, నిజమే. రెండూ ఒకటి కావు.

ఆయాల మీద మీకు కోపం వస్తుంది. రావొద్దు. ఆ రాత్రి ఆయా ఎవరనుకున్నారు? పక్క ఊరి మన ఆడపిల్లే. రాత్రి ఏడింటి నుంచి పొద్దున ఏడింటి దాకా ఒక్కతే. జీతం కూలికి తక్కువ. ఇంటికి పోయి వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, పగలు రెండు గంటలు కునుకు తీస్తుంది. ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీ చేసేవాళ్ళకి క్యాన్సర్ ముప్పు పెరిగే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చెప్పింది, 2019లో మళ్ళీ అదే చెప్పింది. ముసలోళ్ళ నిద్ర చెడగొట్టిన టైంటేబులే ఈ పిల్ల నిద్రనీ తింటోంది. తాత చెయ్యి కట్టింది ఆమె చేతులే గావచ్చు. ఆమెని ఒక్కదాన్ని చేసి ముప్ఫైయిద్దరిని అప్పగించిన చేతులు వేరే ఉన్నాయి.

చట్టం ఏమంటోంది? 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. 19వ సెక్షను ప్రకారం ప్రతి జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం, అందులో దిక్కులేని పెద్దలు కనీసం 150 మందికి చోటు. కానీ ఆ వాక్యంలో రాష్ట్ర ప్రభుత్వం "స్థాపించవచ్చు" అని ఉంది. "స్థాపించాలి" అని లేదు. ఒక్క క్రియాపదంలో ఎంత తేడా ఉందో తెలుగు చెప్పే మాస్టార్లని అడగండి. ఆశ్రమాలు ఎట్టా నడవాలో ప్రమాణాలు పెట్టమని కూడా ఆ సెక్షన్లో ఉంది. వైద్యం అన్నారు, వినోదం అన్నారు. నిద్ర అనే మాట అందులో లేదు. టీవీ ఉంటే వినోదం అయిపోయింది. కిటికీ సంగతి ఎవరూ అడగలేదు. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు అశ్వినీకుమార్ కేసులో, జిల్లాకి ఎన్ని ఆశ్రమాలున్నాయో లెక్కలు తెప్పించమని కేంద్రానికి చెప్పింది. మనమూ మన జిల్లాలో అడగొచ్చు. 2005 సమాచార హక్కు చట్టం ఉంది. గ్రాంటు తీసుకునే ఆశ్రమం రాత్రికి ఎంతమంది సిబ్బందిని చూపిస్తోందో, నిజానికి ఎంతమందిని పెడుతోందో కాగితం మీద అడుగుదాం. పెద్దల సాయానికి 14567 అనే ఫోను నెంబరు ఉంది. రాసుకోండి.

ఆశ్రమాన్ని మేం అడిగినవి ఎనిమిది. ఇవి ఏ ఊళ్ళో ఎవరైనా అడగొచ్చు.

1. రాత్రి అన్నం ఏడింటికి ముందు పెట్టొద్దు. పడుకునే ముందు ఆకలైనవాళ్ళకి పాలో మజ్జిగో ఉండాలి. లైట్లు తొమ్మిదికి ముందు ఆర్పొద్దు.

2. రోజూ పొద్దున గంటసేపు అందరూ ఆరుబయట. నడవలేనివాళ్ళని మంచంతో సహా బయటికి తేవాలి. వేసవిలో ఎండ ముదరకముందే.

3. పగటి కునుకు మధ్యాహ్నం అరగంట, ముప్పావుగంట. ఆ తర్వాత మాట, ఆట, పాట. ఎవరికి నచ్చిన పని వాళ్ళకి. చీపురు మాత్రం జీతగాళ్ళకి.

4. రాత్రి కళ్ళల్లో కొట్టే ట్యూబులైట్లు వద్దు. పాయఖానా దారిలో మాత్రం చిన్న బల్బు వెలగాలి, పట్టుకోడానికి కమ్మీ ఉండాలి.

5. మెలకువ వచ్చినవాళ్ళని మళ్ళీ పడుకోమని కసరొద్దు. లేచి కూచోడానికి ఒక చోటు ఉండాలి.

6. నిద్రమాత్ర డాక్టరు రాస్తేనే. ఎందుకు రాశాడో, ఎన్నాళ్ళో ఆ మనిషికి చెప్పాలి. ఫోనులో బంధువు అన్నమాట చాలదు.

7. ఎవరినీ కట్టొద్దు. మంచాలు కులాన్ని బట్టి కాదు, చీటీలు వేసి పంచాలి.

8. రాత్రికి ఇద్దరు ఆయాలు ఉండాలి, కూలికి తగ్గని జీతం ఉండాలి.

నాలుగు ఆదివారాలు తిరిగాం. మొదట లోపలికి రానియ్యలేదు. తర్వాత మన సంఘం అక్కచెల్లెళ్ళు పాతికమంది పోయి గేటు దగ్గర కూచున్నారు. 7ఏ సెక్షను మాట వచ్చేసరికి చీపుర్లు ఆ రోజే మాయమైనాయి. ఇప్పటికి ఒప్పుకున్నవి నాలుగు. రాత్రి అన్నం ఏడింటికి మారింది, ఎట్టాగంటే వంట ముందే చేసిపెట్టి ఆయా వడ్డిస్తోంది, అంటే ఆమె నెత్తిన ఇంకో పని పడింది. ఇది గెలుపని చెప్పను. పొద్దున ఎండలో కూచోబెడుతున్నారు. దారిలో బల్బు పెట్టారు. కట్టడం ఆపారు. రెండో ఆయా గురించి "చూద్దాం" అన్నారు. మంచాల మాట ఎత్తితే మౌనం.

మన ఇళ్ళల్లో సంగతి కూడా చూసుకోండి. గదిలో మూలకి మంచమేసి, టీవీ పెట్టి, "పడుకో తాతా, నీకేం పని" అంటున్నాం. ప్రేమగానే అంటున్నాం. కానీ ఆయన పొద్దుని మనమే లాక్కుంటున్నాం. పొద్దున్నే మంచం బయటెయ్యండి. చెయ్యగలిగింది చెయ్యనియ్యండి. తెల్లారుజామున లేచి దగ్గితే విసుక్కోకండి. ఆ వేళకి లేచే మనల్ని పెంచారు.

మా పెద్దమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆపరేషన్ అయింది, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది. పగలు పక్కింటి అమ్మాయి చూసుకుంటుంది, ఆమెకి జీతమిస్తున్నాను. నాకు జీతముంది గనక కుదిరింది. లేనివాళ్ళ మాటేమిటి, అందుకే ఈ సభ. మూడింటికి ఇప్పటికీ లేస్తుంది. నేనూ లేస్తాను. టీ పెడతాను. "నీకు బడుంది గదమ్మే, పడుకోరాదూ" అంటుంది. బిళ్ళ సంగతి ఆమెతో చెప్పాను, నేనే ఇవ్వమన్నానని. కాసేపు ఊరుకుంది. "నీకు మాత్రం తీరిక ఎక్కడుందిలే" అంది. ఆ మాట నన్ను క్షమించడానికి అంది. నేను మాత్రం దాన్ని లెక్కలోంచి కొట్టెయ్యలేదు.

ఆ పాలేరు తాత సంగతి చెప్పి ముగిస్తాను. చెయ్యి కట్టడం ఆపాక ఆయా భయపడింది, తాత గేటు దాటి పోతాడని. ఒక రాత్రి తాత లేచి "నీళ్ళు కట్టాల" అంటే ఆ పిల్లకి ఏం తోచిందో, "ఇయ్యాల కరెంటు రాదంట తాతా. రేపు కూడా రాదంట. పడుకో" అంది. తాత ఆమె మొహంలోకి చూసి "నిజంగానా?" అన్నాడట. మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాడట. తెల్లారి ఎండపొడ వచ్చిందాకా లేవలేదని ఆమే నాకు చెప్పింది.

నలభై ఏళ్ళు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు ఆయనకి. చెప్పింది మన పిల్ల. కానీ ఒక ఆయా మంచితనం మీద మన పెద్దల నిద్ర ఆధారపడకూడదు. అది హక్కుగా రావాలి, కాగితం మీదికి రావాలి, జిల్లా జిల్లాకీ రావాలి. రేపు మీ మండలంలో ఆశ్రమం ఎక్కడుందో కనుక్కోండి. ఇద్దరిద్దరుగా పొండి. గడియారం పెట్టుకుని పొండి. రాత్రి అన్నం ఎన్నింటికి పెడుతున్నారో రాసుకురండి. అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

జై భీమ్.